రికార్డు పుస్తకంలో షంషేర్ ఖాన్



ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు పండించేవాళ్లకు దుగ్గిరాల పేరు కొత్త కాదు. పొద్దున లేచి నిజామాబాద్ యార్డులో కొమ్ము ఎంత పలికింది, మండ ఎంత పలికింది అని అడిగిన నోటితోనే సాంగ్లిలో ఎంత, ఈరోడ్‌లో ఎంత, దుగ్గిరాలలో ఎంత అని కూడా అడుగుతారు. ఆ దుగ్గిరాల గుంటూరు జిల్లాలో, తెనాలికి దగ్గర. తెనాలి నుంచి ఒక రైలు దారి సముద్రం దిక్కు పోయి రేపల్లెలో ఆగుతుంది. ఆ తర్వాత పట్టాలు లేవు. రేపల్లె దగ్గర కైతేపల్లి అనే ఊరు ఉంది. ధరల కోసం రోజూ అటు చెవి వేసే మనం, ఆ ఊరి మనిషి ఒకరి గురించి కూడా కాసేపు మాట్లాడుకుందాం.

ఆయన పేరు మెహబూబ్ షంషేర్ ఖాన్. సైనికుడు. ఈతలో దేశానికి చాంపియన్. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున నీళ్లలోకి దిగిన తెలుగువాడు. 2017 అక్టోబర్‌లో సొంత ఊళ్లోనే కన్నుమూశారు. ఆ రోజు పత్రికల్లో, టీవీల్లో ఆయన పేరు వచ్చింది. అంతకుముందు చాలా ఏళ్లుగా రానంతగా వచ్చింది. వచ్చిన వార్తల్లో కొన్ని మాటలు సరైనవి కావు. ఈ ప్రసంగంలో సగం ఆ మాటల గురించే.

ముందు ఈత సంగతి. మన దిక్కు పిల్లలు ఈత నేర్చుకున్నది బావుల్లో. నలభై, యాభై ఏళ్లు దాటినవాళ్లను అడగండి, ఎండాకాలం సెలవుల్లో ఏ బావిలో నేర్చుకున్నదీ ఇప్పటికీ పేరు పెట్టి చెబుతారు. నడుముకు ఎండిన బెండ్లు కట్టేవారు. అవి లేకపోతే ఎండిన సొరకాయ, అదీ లేకపోతే మూత బిగించిన ఖాళీ డబ్బా. ఆ తర్వాత లారీ ట్యూబులు వచ్చాయి. పెదనాన్నో మేనమామో గట్టు మీద తాడు పట్టుకొని కూర్చునేవాడు. వారం తిరిగేసరికి ఒక బెండు తీసేసేవాడు, ఇంకో నాలుగు రోజులకు రెండోది. చివరికి ఒకరోజు చెప్పాపెట్టకుండా తోసేసేవాడు. కుక్క ఈతతో మొదలుపెట్టి, వెల్లకిలా తేలడం నేర్చి, మోట గూడు మీది నుంచి దూకి, బావి అడుగున ఉన్న ఒండ్రు మట్టి పిడికిట్లో పట్టుకొని పైకి వచ్చి చూపించినవాడే మొనగాడు. అంతకు మించిన పతకం మనకు తెలియదు.

డెల్టాలో బావులు తక్కువ, కాలువలూ చెరువులూ ఎక్కువ. చిన్నప్పుడు బర్రెలతో పాటు ఊరి చెరువులో దిగి, వాటితో పాటే ఈదుతూ నేర్చుకున్నానని షంషేర్ ఖాన్ తనను కలవడానికి వచ్చినవాళ్లకు చెప్పేవారు. నేర్పినవాళ్లు లేరు, బెండ్లు లేవు. నీళ్లంటే భయం లేకపోవడం ఒక్కటే ఆ వయసులో ఆయనకు దక్కిన శిక్షణ.

అయితే నీళ్లలో మునగకుండా ఉండటం వేరు, పందెంలో ఈదటం వేరు. బావిలో ఎంత గొప్ప ఈతగాడైనా యాభై మీటర్ల కొలనులో గీత పట్టుకొని నేరుగా పోయి, గోడ తాకి, తిరిగి రావడం చేతకాదు. ఊపిరి ఎప్పుడు తీయాలి, కాలు ఎట్లా కొట్టాలి, ఎన్ని బారలకు అలుపు వస్తుంది అన్నది ఎవరో ఒకరు పక్కన నిలబడి చెప్పాలి. షంషేర్ ఖాన్‌కు ఆ చదువు సైన్యంలో దొరికింది. 1946లో, ఇంకా తెల్లవాళ్ల పాలన ఉండగానే ఆయన సైన్యంలో చేరారు. బెంగుళూరులో సైనికుల ఈత పోటీలు జరుగుతుండేవి. ఆ రోజుల్లో మన దేశంలో ఆటలకు నిజమైన బడి సైన్యమే. పరుగులో మిల్ఖా సింగ్‌నూ, హాకీలో ధ్యాన్‌చంద్‌నూ తయారుచేసింది అదే. తిండి పెట్టి, జీతమిచ్చి, పొద్దున సాధన చేయించే చోటు ఒక పల్లెటూరి పేద పిల్లవాడికి ఇంకెక్కడ ఉంది?

1954లో ఆయన 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో జాతీయ రికార్డు నెలకొల్పారు. ఇక్కడ కాస్త ఆగుదాం. బటర్‌ఫ్లై అంటే ఏమిటో చూసినవాళ్లకు తెలుస్తుంది, రేడియోలో మాటలతో చెప్పాలి. మామూలు ఈతలో ఒక చేయి ముందుకు పోతే ఇంకో చేయి వెనక్కి వస్తుంది. ఒకటి పనిచేస్తుంటే ఇంకోదానికి కాస్త విశ్రాంతి. బటర్‌ఫ్లైలో ఆ వెసులుబాటు లేదు. రెండు చేతులూ ఒకేసారి నీళ్లలో నుంచి పైకి లేవాలి, గాలిలో నుంచి ముందుకు విసరాలి, ఒకేసారి నీళ్లలో పడాలి. రెండు కాళ్లూ జతగా, డాల్ఫిన్ తోక ఆడించినట్టు కొట్టాలి. ఛాతీ, భుజాలు, నడుము, తొడలు అన్నీ ప్రతి బారకూ ఒకే క్షణంలో పనిచేయాలి. తల పైకి లేచిన ఆ రెప్పపాటులోనే ఊపిరి. ఆ క్షణం తప్పితే మింగేది నీళ్లే. యాభై మీటర్లు ఎవరైనా గట్టివాడు ఈదేస్తాడు. వంద దాటాక చేతులు నీళ్లలో నుంచి పైకి రానంటాయి. నూటయాభై దాటాక మనిషి లోపల ఏముందో బయటపడుతుంది. నాలుగు రకాల పందెం ఈతల్లో అన్నిటికంటే కష్టమైనది ఏది అని ఏ కోచ్‌ను అడిగినా ఇదే చెబుతాడు. అందులో 200 మీటర్లంటే ఇంకా కష్టం.

ఇంకో సంగతి ఉంది. ఈ బటర్‌ఫ్లై అప్పటికి కొత్త ఈత. అంతకుముందు బ్రెస్ట్‌స్ట్రోక్ పందెంలో కొందరు గడుసువాళ్లు, చేతులను నీళ్ల కింద నుంచి కాకుండా పై నుంచి విసిరితే వేగం పెరుగుతుందని కనిపెట్టారు. నియమాల్లో అది తప్పని ఎక్కడా లేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్ నాటికి బ్రెస్ట్‌స్ట్రోక్ పందెంలో చాలామంది ఇట్లానే ఈదుతున్నారు. ఇక లాభం లేదని ఆ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య రెండింటినీ విడదీసి బటర్‌ఫ్లైని వేరే పందెం చేసింది. కాబట్టి ఒలింపిక్స్‌లో బటర్‌ఫ్లై అనే పందెం మొట్టమొదట జరిగింది 1956లో, మెల్‌బోర్న్‌లో. ఆ తొలి పందెంలో ఒక వరుసలో మన షంషేర్ ఖాన్ ఉన్నారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ 1956 సంవత్సరం మనకు ఇంకో రకంగా కూడా గుర్తే. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అప్పటిదాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న మన నిజామాబాద్ జిల్లా, ఆంధ్ర రాష్ట్రంలో ఉన్న గుంటూరు జిల్లా ఒకే రాష్ట్రమయ్యాయి. ఆ తర్వాత విడిపోయిన ముచ్చట మీకు తెలిసిందే, అది ఇవాళ్టి విషయం కాదు. నవంబర్ 22న మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ మొదలయ్యాయి. అంటే కొత్త రాష్ట్రానికి అప్పటికి మూడు వారాల వయసు. ఆ రాష్ట్రం నుంచి ఈతలో వెళ్లింది షంషేర్ ఖాన్ అయితే, ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ నుంచి ఒక దండే కదిలింది. జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లలో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం. ఆ జట్టు ఆతిథ్య దేశం ఆస్ట్రేలియానే 4-2 గోల్స్‌తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. హాకీలో ఎప్పటిలాగే స్వర్ణం వచ్చింది.

షంషేర్ ఖాన్ ప్రయాణం గురించి ఆయనే చెప్పిన ముచ్చట ఒకటి ఉంది. సర్కారు విమానం టికెట్ మాత్రం ఇచ్చిందట. తిండికీ, చేతి ఖర్చుకూ డబ్బు లేదు. సైన్యం దగ్గర 300 రూపాయలు అప్పు తీసుకున్నారు. తిరిగి వచ్చాక అది జీతంలో నుంచి కోత పడింది. ఆ కాలంలో ఒక సిపాయికి 300 రూపాయలంటే నెలల జీతం. ఒలింపిక్స్‌కు పోయి వచ్చినందుకు దేశం ఆయనకు బాకీ పడాలి. ఆయనే దేశానికి బాకీ కట్టారు.

ఇక పందెం. షంషేర్ ఖాన్ రెండు పోటీల్లో దిగారు, 200 మీటర్ల బటర్‌ఫ్లై, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్. రెండింటిలోనూ మొదటి దశ, అంటే హీట్స్ దాటలేదు. బటర్‌ఫ్లైలో అమెరికాకు చెందిన విలియం యోర్జిక్ 2 నిమిషాల 19.3 సెకన్లలో ఈది స్వర్ణం గెలిచాడు. జపాన్ కుర్రాడు ఇషిమోటో రెండో స్థానం, హంగరీ వాడు టుంపెక్ మూడో స్థానం. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో జపాన్‌కు చెందిన ఫురుకావా చాలా దూరం నీళ్ల అడుగునే పోయి గెలిచాడు. అది చూసి ఆ తర్వాత అట్లా ఈదకుండా నియమమే మార్చారు. అట్లాంటివాళ్ల నడుమ మనవాడు పోటీ పడ్డాడు.

ఇప్పుడు ఆ సరికాని మాటల సంగతి. షంషేర్ ఖాన్ మరణించినప్పుడు, అంతకుముందు కూడా, ఆయన గురించి రెండు మాటలు పదేపదే రాశారు. ఒకటి, ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి భారత ఈతగాడు అని. రెండు, ఆయన ఐదో స్థానంలో నిలిచారని.

మొదటి మాట నిలబడదు. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోనే నళిన్ మల్లిక్ అనే బెంగాలీ యువకుడు భారత్ తరఫున ఈదాడు. 1948 లండన్‌లో సచిన్ నాగ్ ఉన్నాడు. 1952 హెల్సింకిలో ఇద్దరు ఆడపిల్లలు దిగారు, ఆరతీ సాహా, డాలీ నజీర్. ఆరతికి అప్పుడు పన్నెండేళ్లు కూడా నిండలేదు. రెండో మాట కూడా అంతే. బటర్‌ఫ్లై ఫైనల్‌లో ఐదో స్థానం ఆస్ట్రేలియాకు చెందిన జాన్ మార్షల్‌ది.

ఇట్లా చెబితే కొందరికి కోపం వస్తుంది. పాపం పెద్దాయన, ఎందుకండీ తగ్గిస్తారు అంటారు. తగ్గించడం కాదు. నాకైతే ఆ రెండు అబద్ధపు బిరుదులే ఆయనను తగ్గించాయని అనిపిస్తుంది. ఎందుకంటే, వాటిని ఎవడైనా ఒక్క నిమిషంలో కొట్టిపారేయవచ్చు. కొట్టిపారేసినవాడు ఆ మనిషిని కూడా పక్కన పెట్టేస్తాడు. నిజంగా ఆయన సాధించినదాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. చెరువులో బర్రెలతో ఈదిన పిల్లవాడు, పట్టుమని పదేళ్లలో అన్నిటికంటే కష్టమైన ఈతలో దేశంలో రికార్డు పెట్టాడు. ఆ ఈతను ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టినప్పుడు భారత్ జెండా కింద నిలబడ్డాడు. దీనికి ఇంకో రంగు పూయాల్సిన పనేముంది?

ఇట్లాంటి పూత మన ఈత చరిత్రలో ఆయన ఒక్కరికే జరగలేదు. మిహిర్ సేన్ ముచ్చట వినండి. 1958 సెప్టెంబర్ 27న ఆయన ఇంగ్లిష్ చానెల్ ఈదాడు. అట్లా ఈదిన తొలి భారతీయుడు ఆయనే, అది నిజం. కానీ తొలి ఆసియావాసి అని కూడా మన పాఠ్యపుస్తకాల తరహా వ్యాసాల్లో రాస్తుంటారు. అదే ఏడాది ఆగస్టులో, ఒక నెల ముందు, అప్పటి తూర్పు పాకిస్తాన్‌కు చెందిన బ్రజేన్ దాస్ ఆ చానెల్ ఈదాడు. అసలు మిహిర్ సేన్ గొప్పతనం 1966లో ఉంది. ఆ ఒక్క ఏడాదిలో పాక్ జలసంధి, జిబ్రాల్టర్, డార్డనెల్స్, బాస్ఫరస్, ఆ పైన పనామా కాలువ మొత్తం పొడవునా ఈదాడు. అది తెలిసినవాళ్లు ఎంతమంది? ‘తొలి’ అన్న మాట మీదనే మన మోజు. ఆ మోజులో అంతకంటే పెద్ద పని అడుగున పడిపోతుంది.

తిరిగి వచ్చాక షంషేర్ ఖాన్ మళ్లీ సైనికుడే. 1962లో చైనాతో యుద్ధం, 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం, రెండింటిలోనూ ఆయన ఉన్నారు. 1973లో సుబేదార్‌గా పదవీ విరమణ చేసి కైతేపల్లికి వచ్చేశారు. పింఛను మీద బతికారు. ఇంకో పదిహేడేళ్లకు, 1990 మే నెలలో, కృష్ణా డెల్టాను పెద్ద తుపాను కొట్టింది. వెయ్యి మందికి దగ్గరగా చనిపోయారు. రేపల్లె ప్రాంతమంతా దాని దారిలోనే ఉంది. ఆ తుపానులో ఆయన ఇల్లు దెబ్బతింది, పతకాలూ ధ్రువపత్రాలూ పోయాయి. నీళ్లను జయించి తెచ్చుకున్నవి నీళ్లపాలయ్యాయి. మళ్లీ తెచ్చుకోవడానికి ఆయన వయసు దాటిపోయింది. ఆ తర్వాత తన గురించి చెప్పుకోవడానికి ఆయన దగ్గర మిగిలింది మాటలే. కాగితం లేని మనిషి మాటకు ఎవరెవరో తమకు తోచిన ముక్క తగిలించారు. ఆ రెండు బిరుదులు ఆయన చుట్టూ అల్లుకున్నది బహుశా ఇట్లానే.

సర్కారు నుంచి తనకు గుర్తింపు రాలేదని చివరి రోజుల్లో ఆయన బాధపడ్డారు. అది ఒక్క ఆయన బాధ కాదు. సచిన్ నాగ్ సంగతే చూడండి. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో స్వర్ణం గెలిచాడు. ఆసియా క్రీడల్లో భారత్‌కు అది తొలి స్వర్ణం. ఆయన 1987లో పోయాడు. ధ్యాన్‌చంద్ అవార్డు 2020లో ఇచ్చారు. ఆరతీ సాహా 1959లో ఇంగ్లిష్ చానెల్ ఈదింది, ఆ మరుసటి ఏడాదే పద్మశ్రీ వచ్చింది. తపాలా బిళ్ల మాత్రం ఆమె చనిపోయిన ఐదేళ్లకు, 1999లో వచ్చింది.

కీర్తి నిలవడం అన్నది ఆటలో గెలుపును బట్టే జరిగేది కాదనిపిస్తుంది. అమెరికా ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ 1924, 1928 ఒలింపిక్స్‌లో ఈతలో ఐదు స్వర్ణాలు గెలిచాడు. అయినా ప్రపంచమంతా ఆయనను గుర్తుపెట్టుకున్నది టార్జాన్‌గానే. 1932లో సినిమా రాకపోతే ఆ ఐదు పతకాలు ఎంతమందికి తెలిసేవి? మన రహీం సాబ్ కథ కూడా అంతే. 1956 ఫుట్‌బాల్ జట్టు గురించి హైదరాబాద్‌లోనే పాతతరం వాళ్లు తప్ప ఎవరూ మాట్లాడుకోలేదు. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఇంటర్ పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది. షంషేర్ ఖాన్ మీద సినిమా రాలేదు. ఆయన ఈదిన ఆ పందెం మన ఊళ్లలో ఎవరూ చూడలేదు. 1956లో ఆర్మూర్‌లో టీవీ ఎక్కడిది? రేడియో ఉన్న ఇళ్లే వేళ్ల మీద లెక్క.

ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. మన జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కితే, శిఖరం మీద తీసిన ఫోటో మన ఫోన్లలో ఉంది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయితే, ఆ ఆఖరి రౌండు ఇప్పుడైనా ఎవరైనా పెట్టుకొని చూడవచ్చు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకొని, 2021 మార్చిలో పాక్ జలసంధి ఈదారు. అది కూడా కెమెరాల ముందే. వీళ్ల కీర్తికి ఏ తుపాను భయమూ లేదు. వీళ్లు ఎన్నో స్థానంలో వచ్చారన్నది ఎవరో తోచినట్టు రాయాల్సిన అవసరమూ లేదు.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. షంషేర్ ఖాన్ ఈదిన ఆ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఆయనతో ఆగిపోలేదు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో ఖజాన్ సింగ్ రజతం గెలిచింది ఈ పందెంలోనే. 2021 జూన్‌లో రోమ్‌లో కేరళ యువకుడు సజన్ ప్రకాశ్ 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించిన తొలి భారత ఈతగాడయ్యాడు. అదీ 200 మీటర్ల బటర్‌ఫ్లైలోనే. ఈ ‘తొలి’ మాత్రం నిజమైన తొలి, రికార్డు పుస్తకాల్లో ఉంది. 1956లో యోర్జిక్‌కు స్వర్ణం తెచ్చిన సమయం కంటే అది దాదాపు 23 సెకన్లు తక్కువ. మనిషి మారలేదు. కొలను మారింది, సాధన మారింది, తిండి మారింది, ముందు ఈదినవాళ్లను చూసి నేర్చుకునే వీలు వచ్చింది. షంషేర్ ఖాన్‌కు ముందు ఆ పందెంలో చూసి నేర్చుకోవడానికి మనవాళ్లెవరూ లేరు.

వింటున్నవాళ్లలో పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలు ఉండే ఉంటారు. మీకు ఎక్కడైనా క్విజ్‌లో ఒలింపిక్స్‌లో ఈదిన తొలి భారతీయుడు ఎవరు అన్న ప్రశ్న కింద షంషేర్ ఖాన్ పేరు కనబడితే, ఆ పేరును కొట్టేయకండి, ప్రశ్నను మార్చండి. ఒలింపిక్స్‌లో బటర్‌ఫ్లై పందెం మొదటిసారి పెట్టిన 1956లో, ఆ పందెంలో భారత్ తరఫున ఈదిన తెలుగు సైనికుడు ఎవరు అని రాసుకోండి. జవాబు అదే ఉంటుంది. మెహబూబ్ షంషేర్ ఖాన్, కైతేపల్లి, రేపల్లె దగ్గర, గుంటూరు జిల్లా. ఇప్పుడది బాపట్ల జిల్లా, అది కూడా సరిగ్గా రాసుకోండి.